నాటకం మరుగున పడింది, పాట మిగిలింది: బ్రాడ్‌వే పాత పాటల అసలు సందర్భాల గురించి

#1 కృష్ణాతీరం

సభ్యులకు నమస్కారం. ప్రతి ఏడాదీ ఫిబ్రవరి రెండో వారంలో ఎఫ్‌ఎమ్ రేడియోల్లోనూ, పెద్ద హోటళ్ల భోజనశాలల్లోనూ ‘మై ఫన్నీ వాలెంటైన్’ అనే పాట తప్పకుండా వినిపిస్తుంది. అది ప్రేమికుల రోజు కోసమే కట్టిన పాట అనుకుని నేను ఇరవై ఏళ్లకు పైగా విన్నాను. ఇటీవల దాని పూర్వాపరాలు చదివాక, అందులోని వాలెంటైన్ ముందుగా ఒక కుర్రవాడి పేరనీ, పండుగ సంగతి ఆ పేరు మీద విసిరిన చమత్కారమేననీ తెలిసి, ఇన్నేళ్లూ ఏం విన్నానా అని నాకే నవ్వు వచ్చింది.

రిచర్డ్ రాడ్జర్స్ స్వరపరచి, లోరెంజ్ హార్ట్ పాటలు రాసిన ‘బేబ్స్ ఇన్ ఆర్మ్స్’ అనే సంగీత నాటకం 1937 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని షూబర్ట్ థియేటర్‌లో మొదలై 289 ప్రదర్శనలు ఆడింది. ఊరూరా తిరిగి వినోద ప్రదర్శనలిచ్చే నటీనటులు పని వెతుక్కుంటూ వెళ్లిపోగా, వెనుక మిగిలిన వాళ్ల పిల్లలు తమను పొలం పనుల శిబిరానికి తరలించకుండా ఉండేందుకు తామే ఒక ప్రదర్శన కట్టడం అందులోని కథ. ఆ పిల్లల్లో ఒకడి పేరు వాలెంటైన్, ముద్దుపేరు వ్యాల్. బిల్లీ అనే అమ్మాయి అతడి రూపాన్నీ, తెలివితేటలనూ మెల్లగా వెక్కిరిస్తూనే, నువ్వు మాత్రం ఒక్క వెంట్రుక కూడా మారవద్దని పాడుతుంది. పాటకు ముందు, మన సాకీ లాంటి ఒక భాగం ఉంది. అందులో ఆమె వెటకారానికి పాతకాలపు గ్రాంథిక ఇంగ్లీషు అందుకుంటుంది. మన నాటకాల్లో హాస్యపాత్ర ఉన్నట్టుండి ‘ఓయీ, ఏమంటివి’ అని మొదలుపెట్టినట్టు ఉంటుంది. 1950లలో చెట్ బేకర్, ఫ్రాంక్ సినాట్రా వంటి మగ గొంతులు ఆ సాకీని వదిలేసి, పాటను నెమ్మదిగా, దిగులుగా పాడడం మొదలైన తరువాత, ఆ వెటకారం వినిపించడం మానేసింది.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే ‘ద లేడీ ఈజ్ ఎ ట్రాంప్’, ‘వేర్ ఆర్ వెన్’, ‘జానీ వన్ నోట్’ కూడా ఈ ఒక్క నాటకంలోనివే. ఇన్ని పాటలు అందరికీ తెలిసినా, నాటకం పేరు చెబితే గుర్తుపట్టేవారు నా ఎరుకలో ఒక్కరూ లేరు. ఇలా నాటకాన్ని వదిలించుకుని బతికిన పాటల గురించి తెలిసినవారు చెప్పవలసిందిగా మనవి. అసలు ఆ విడిపోవడం ఎలా జరిగిందన్నది నాకు ముఖ్యమైన ప్రశ్న.

#2 రంగస్థలి

కృష్ణాతీరం గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. విడిపోవడం ప్రమాదవశాత్తు జరిగింది కాదు. ఆ పాటల నిర్మాణంలోనే దానికి ఏర్పాటు ఉంది.

1920, 30లలో న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో స్వరకర్తకు టికెట్ల మీద వచ్చే ఆదాయంతో పాటు, పాట స్వరలిపిని అచ్చువేసి అమ్మగా వచ్చే ఆదాయం కూడా ముఖ్యం. ఇంట్లో పియానో ఉన్న ప్రతి కుటుంబమూ కొనుగోలుదారే. నాటకం చూడని మనిషి ఆ స్వరలిపి కొనాలంటే, పాటలో కథ తెలియకపోతే అర్థంకాని మాటలు ఉండకూడదు. అందుకని పాటను రెండు ముక్కలుగా కట్టేవారు. మొదటిది మీరు సాకీ అన్న భాగం: పాత్ర ఎవరు, ఇప్పుడు ఈ మాట ఎందుకు చెబుతోంది అన్న సంగతిని సంభాషణ నుంచి పాటలోకి దించే మెట్టు. రెండవది సాధారణంగా 32 బార్ల పల్లవి భాగం: ఎవరు ఎవరితోనైనా చెప్పుకోగలిగే ప్రేమ, విరహం, ఆశ. (బార్ అంటే మన తాళావర్తం వంటి కొలత అనుకోండి.) సాకీని కోసేస్తే పాటకు ఊరూ పేరూ ఉండదు, ఎక్కడికి తీసుకెళ్లినా అతుకుతుంది. రేడియోకూ, మూడు నిమిషాల గ్రామఫోను రికార్డుకూ సరిగ్గా కావలసింది అదే.

ఇక నాటకాల విషయం. ఆ రోజుల్లో చాలా కథలు పాటలను వేలాడదీసే దండెం వంటివి; దండెం పాతబడితే పారేశారు, బట్టలు మిగిలాయి. జెరోమ్ కెర్న్ స్వరపరచిన ‘వెరీ వార్మ్ ఫర్ మే’ 1939 నవంబరులో మొదలై 59 ప్రదర్శనలతో ఆగిపోయింది. నిర్మాత మాక్స్ గార్డన్ న్యూయార్క్‌కు రాకముందే పట్టుబట్టి కథలోని గూండాల ఉపకథను తీయించేయడంతో, మిగిలినదానికి తలా తోకా లేకుండా పోయిందని చెబుతారు. కెర్న్ బ్రాడ్‌వేకి రాసిన ఆఖరి కొత్త నాటకం అదే. అందులోని ‘ఆల్ ద థింగ్స్ యు ఆర్’ మాత్రం, ఆస్కార్ హామర్‌స్టీన్ మాటలతో, ఈ రోజుకీ జాజ్ వాయించే ప్రతివారూ నేర్చుకునే పాట.

#3 నిడదవోలు కుర్రాడు

పెద్దలకు నమస్కారం. అన్ని పాటలూ నాటకాల నుంచే వచ్చాయని అనుకోనవసరం లేదు కదా. ఉదాహరణకు ‘యాజ్ టైమ్ గోస్ బై’ని ‘కాసాబ్లాంకా’ సినిమా కోసమే రాశారు. సినిమాల నుంచి వచ్చిన పాటలు కూడా తక్కువేమీ కావు.

#4 పాతరికార్డు

తమ్ముడూ, సినిమాల నుంచి వచ్చిన పాటలు చాలానే ఉన్నాయన్న మాట నిజమే కానీ, మీరు ఎంచుకున్న ఉదాహరణ మాత్రం ఈ చర్చకే కిరీటం వంటిది. ఆ పాట సినిమా కంటే పదకొండేళ్లు పెద్దది.

హర్మన్ హప్‌ఫెల్డ్ అనే రచయిత, స్వరకర్త కట్టిన ఆ పాట 1931 అక్టోబరులో మొదలైన ‘ఎవ్రీబడీస్ వెల్‌కమ్’ అనే నాటకంలోనిది. ఆ నాటకంలో ఎక్కువ పాటలు సామీ ఫేన్‌వి. హప్‌ఫెల్డ్ పాట వాటి మధ్య చొప్పించినది; బయటివారి పాటను అలా తెచ్చి పెట్టడం అప్పట్లో మామూలే. ఫ్రాన్సెస్ విలియమ్స్ రంగస్థలం మీద పాడారు. రూడీ వ్యాలీ అదే ఏడాది రికార్డు ఇచ్చాడు. నాటకం 139 ప్రదర్శనలు ఆడి ముగిసింది. పాట కూడా ఓ మోస్తరుగా అమ్ముడై, అందరి పాటల్లాగే అటకెక్కింది.

మరి సినిమాలోకి ఎలా వచ్చిందంటే, మర్రే బర్నెట్ అనే యువకుడు విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ పాట అంటే ప్రాణం పెట్టేవాడు. తరువాత అతడూ జోన్ ఆలిసన్ అనే రచయిత్రీ కలిసి ‘ఎవ్రీబడీ కమ్స్ టు రిక్స్’ అనే నాటకం రాస్తూ, అందులో ఈ పాటను పెట్టారు. ఆ నాటకాన్ని ఎవరూ ప్రదర్శించలేదు కానీ వార్నర్ సంస్థ హక్కులు కొని దాన్నే ‘కాసాబ్లాంకా’గా తీసింది. అంటే పాట ఒక నాటకంలో పుట్టి, రంగస్థలం ఎక్కని మరో నాటకంలో దాక్కుని, సినిమాకు చేరింది. సినిమాకు నేపథ్య సంగీతం కూర్చిన మాక్స్ స్టైనర్‌కు ఈ పాట నచ్చక, బదులుగా తన సొంత పాట పెడతానన్నాడు. అయితే కథానాయిక ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ అప్పటికే మరో సినిమా కోసం జుట్టు పొట్టిగా కత్తిరించుకోవడంతో, ఆ సన్నివేశాలు మళ్లీ తీయడం కుదరలేదని సినిమా చరిత్రకారులు చెప్పే మాట. క్షురకుడి కత్తెర పాటను కాపాడిందని అనుకోవచ్చు.

ఇక్కడితో అయిపోలేదు. 1942 ఆగస్టు 1 నుంచి అమెరికా సంగీత కళాకారుల సంఘం కొత్త రికార్డింగులను బహిష్కరించింది. సినిమా విడుదలై జనం పాటకోసం ఎగబడితే, కొత్తగా రికార్డు చేయడానికి వాద్యబృందాలు లేవు. దాంతో విక్టర్ సంస్థ రూడీ వ్యాలీ 1931 నాటి రికార్డునే మళ్లీ వదిలింది. పన్నెండేళ్ల తరువాత, 1943లో, అది పెద్ద విజయం సాధించింది. నా దగ్గర ఆ మలి విడుదల ప్రతి ఒకటి ఉంది, గీతలు పడి గరగరలాడుతుంది కానీ అమ్మను.

ఈ పాటకూ సినిమాలో వినిపించని సాకీ ఒకటుంది. కొత్త కొత్త ఆవిష్కరణలు, వేగం, నాలుగో పరిమాణం, ఐన్‌స్టీన్ సిద్ధాంతం, వీటన్నిటితో బుర్ర వేడెక్కిన మనిషి కాస్త విశ్రాంతి కోరుకోవడం అందులోని విషయం. ముద్దు ముద్దే, నిట్టూర్పు నిట్టూర్పే అన్న ధోరణిలో సాగే ఆ ప్రసిద్ధమైన పల్లవి అసలు ఈ సాకీకి జవాబు. కాలం గడిచినా మారనివి కొన్ని ఉంటాయన్న మాట 1931లో భౌతికశాస్త్రం మీద విసిరిన చలోక్తి; 1942లో యుద్ధం మధ్య విడిపోయిన ఇద్దరి గాథ అయింది. ఒక్క అక్షరం మార్చకుండా అర్థం మారిపోయింది.

#5 నిడదవోలు కుర్రాడు

క్షమించాలి, తెలియక రాశాను. ఐన్‌స్టీన్ సంగతి మాత్రం ఊహించనేలేదు. మరి సినిమాలో పాడింది పియానో వాయించే ఆయనే కదా?

#6 పాతరికార్డు

పాడింది ఆ పాత్ర వేసిన డూలీ విల్సనే. ఆయన స్వతహాగా డ్రమ్ములు వాయించే కళాకారుడు, పియానో రాదు. వాయించింది ఎలియట్ కార్పెంటర్ అనే ఆయన, తెర వెనుక నుంచి.

#7 పియానోమెట్లు

పెద్దలు చెప్పిన చరిత్ర ఆసక్తిగా ఉంది కానీ నేను కొంత విభేదిస్తాను. వారాంతాల్లో ఒక హోటల్లో పియానో వాయిస్తాను కనుక ఈ పాటలతో నాకు రోజువారీ సంబంధం. నా అనుభవంలో ఈ పాటలు నిలబడింది వాటి స్వర నిర్మాణం వల్ల. నాటకం తెలిసినా తెలియకపోయినా వాయించేవాడి చేతికి కొత్తగా వచ్చేదేమీ లేదు.

రంగస్థలి గారు చెప్పిన ‘ఆల్ ద థింగ్స్ యు ఆర్’నే చూడండి. అది 32 బార్లు కాదు, 36. ఒక పాటలో ఒకటి రెండు శ్రుతులు మారడమే గొప్ప అనుకుంటే, ఇందులో ఐదు చోట్ల ఆధారశ్రుతి మారినట్టు అనిపిస్తుంది. మధ్య భాగం చివర గొంతు జీ షార్ప్ మీద ఆగుతుంది; తరువాతి అడుగులో అదే స్వరం ఏ ఫ్లాట్ అనే పేరుతో మొదటి శ్రుతికి తలుపు తీస్తుంది. మెట్టు ఒక్కటే, ఇల్లు మారింది. కర్ణాటక సంగీతం తెలిసినవారికి గ్రహభేదం గుర్తుకొస్తుంది, రెండూ ఒకటి కాకపోయినా. ఈ పాట సామాన్య జనానికి ఎక్కనంత జటిలమైందని కెర్న్ తానే సందేహించాడట. జాజ్ శాక్సోఫోన్ కళాకారుడు చార్లీ పార్కర్ 1947లో దీని కార్డ్స్ (ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుత్తులు) క్రమం మీదనే ‘బర్డ్ ఆఫ్ ప్యారడైజ్’ వాయించాడు. అతడికి ఆ 59 ప్రదర్శనల నాటకంతో పనేముంది?

అలాగే ‘హౌ హై ద మూన్’. మోర్గన్ లూయిస్ స్వరం, నాన్సీ హామిల్టన్ మాటలు. 1940 నాటి ‘టూ ఫర్ ద షో’ అనే రెవ్యూలోనిది. రెవ్యూ అంటే కథ లేకుండా పాటలు, నృత్యాలు, హాస్య ఘట్టాలు వరుసగా పేర్చిన ప్రదర్శన. కథే లేనప్పుడు మరిచిపోవడానికి ఏముంటుంది? దాని కార్డ్స్ మీద పుట్టిన ‘ఆర్నితాలజీ’ అనే రచన జాజ్ వాళ్లకు మూలపాట కంటే దగ్గర చుట్టం. స్వరానికి హక్కు ఉంటుంది కానీ కార్డ్స్ వరుసకు హక్కు లేదు కనుక, కొత్త స్వరం కట్టుకుంటే మూల స్వరకర్తకు రుసుము కట్టనవసరం లేకపోవడం కూడా ఇలాంటివి పుట్టడానికి ఒక కారణం. స్వరకర్త గెర్ష్విన్ ‘ఐ గాట్ రిథమ్’ (1930 నాటి ‘గర్ల్ క్రేజీ’ నాటకంలోది) కార్డ్స్ క్రమం మీద పుట్టిన రచనలను లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు.

#8 రంగస్థలి

పియానోమెట్లు గారూ, రెవ్యూలో కథ ఉండదు నిజమే, సందర్భం ఉంటుంది. ‘హౌ హై ద మూన్’ను ఆ ప్రదర్శనలో లండన్ బ్లాకౌట్ దృశ్యంగా కట్టారు. 1940 ఫిబ్రవరి, ఐరోపాలో యుద్ధం మొదలై అయిదు నెలలు, బాంబుల భయంతో దీపాలన్నీ ఆర్పేసిన నగరం. అక్కడ చంద్రుడు ఎంత ఎత్తున ఉన్నాడు అని అడగడం ఉత్త ప్రేమ కవిత్వం కాదు. ఆ రోజు రంగస్థలం మీద అది నెమ్మదైన పాట. 1951లో లెస్ పాల్, మేరీ ఫోర్డ్ గిటార్ల మీద గిటార్లు, గొంతు మీద గొంతు పేర్చి హుషారుగా రికార్డు చేసి తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిపాక, ఆ చీకటి నగరం ఎవరికి గుర్తుంటుంది? మీ చేతికి కొత్తగా ఏమీ రాదంటారు. ఏ లయలో వాయించాలన్న ప్రశ్న చేతికి సంబంధించినదే కదా.

#9 ఎడిసన్‌వాసి

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. ఇక్కడి బడుల్లో పిల్లలు ప్రతి ఏటా ఒక సంగీత నాటకం వేస్తారు కనుక నాకు ఈ విషయం మీద కొంత ఆసక్తి కలిగింది. నాటకం తెలియకపోయినా నష్టం లేదన్న వాదానికి నేను ఒక్క పాటను అడ్డుపెడతాను: ‘సెప్టెంబర్ సాంగ్’.

వయసు మళ్లిన మనిషి, రోజులు పొట్టివవుతున్నాయి, ఎదురుచూపులకు ఇక వ్యవధి లేదు, మిగిలిన ఈ కొన్ని దినాలూ నీతోనే గడుపుతాను అని పాడే పాట అది. వింటే కళ్లు చెమరుస్తాయి. దంపతుల స్వర్ణోత్సవాల్లో పాడడం నేను చూశాను. అయితే 1938లో కర్ట్ వైల్ స్వరపరచి, మాక్స్‌వెల్ ఆండర్సన్ రాసిన ‘నికర్‌బాకర్ హాలిడే’ నాటకంలో ఇది ఎవరు పాడతారు? పదిహేడో శతాబ్దపు డచ్చి వలస పట్టణం న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ను, అంటే నేటి న్యూయార్క్‌ను, నిరంకుశంగా ఏలే గవర్నర్ పీటర్ స్టైవెసెంట్ పాడతాడు. ఒంటికాలికి కర్రకాలు తగిలించుకున్న ఆ ముసలి పాలకుడు, మరొకరిని ప్రేమించిన టీనా అనే పడుచుపిల్లను తనను పెళ్లాడమని ఒప్పించడానికి పాడే పాట ఇది. కుర్రవాళ్లు నీతో కాలక్షేపం చేస్తారు, నాకు అంత తీరిక లేదు, నావన్నీ సూటి మాటలు అన్నది అక్కడ ఒక బేరగాడి వాదన. అంటే మనం కన్నీళ్లు పెట్టుకునేది ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లు పాడవలసిన పాటకు!

ఆండర్సన్ ఆ గవర్నర్‌ను అధ్యక్షుడు రూజ్వెల్ట్ విధానాల మీద వ్యంగ్యంగా రాశాడు. ప్రభుత్వం చేతిలో అధికారం పెరగడం అతడికి గిట్టేది కాదు. ఆ వ్యంగ్యం కాలంతో పాటు చల్లబడింది, నాటకం 168 ప్రదర్శనలతో ముగిసింది. పాత్ర వేసిన వాల్టర్ హ్యూస్టన్ ప్రధానంగా నటుడు. మీ గొంతు ఏ స్వరం నుంచి ఏ స్వరం దాకా పలుకుతుందని వైల్ అడిగితే, నాకు అలాంటి విస్తృతి ఏమీ లేదని తంతి పంపాడని ప్రసిద్ధమైన కథ. ఆ గొంతుకు సరిపడేలా, సగం మాట సగం పాటగా వైల్ కట్టాడు. హ్యూస్టన్ పాడితే జనం ప్రతినాయకుడినే ప్రేమించేశారు. అంటే అర్థం తారుమారు కావడం రికార్డులతో మొదలైంది కాదు, నాటకశాలలోనే మొదలైంది.

#10 పియానోమెట్లు

ఎడిసన్‌వాసి గారూ, లుబ్ధావధాన్లు అన్నాక ఆ పాటను మళ్లీ నిమ్మళంగా వాయించడం నాకు కష్టం. కానీ మీ చివరి వాక్యం నా పక్షానే ఉంది. నాటక రచయిత ఉద్దేశాన్ని ఆ స్వరం మొదటి రాత్రే ధిక్కరించింది కదా. ఏ పాట అయినా పాత్రకు ఎంతవరకు సొంతం అన్నదే సందేహం.

#11 బందరుబడి

మన దగ్గరా ఇలాంటిదే ఉంది. ‘జెండాపై కపిరాజు’, ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ పద్యాలను పల్లెల్లో నోటికి చెప్పేవారిలో ఎందరికి అవి తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలలోవని తెలుసు? పద్యం చాలు, నాటకం అక్కరలేదు. దీనికి విరుద్ధమైనది కూడా ఉంది. ‘ఇచ్చోటనే’ అని మొదలయ్యే శ్మశానవాటిక పద్యాలు గుర్రం జాషువా ఖండకావ్యంలోవి. వాటిని నటులు హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనులో చేర్చి పాడగా పాడగా, అవి నాటకంలోవేనని జనం స్థిరంగా నమ్మారు. బ్రాడ్‌వేలో పాట నాటకాన్ని వదిలేస్తే, ఇక్కడ నాటకం పద్యాన్ని దత్తత తీసుకుంది.

#12 నిర్వాహకులు

బందరుబడి గారి పోలిక సముచితంగా ఉన్నందువల్ల ఇక్కడే ఉంచుతున్నాము. దీనికి వచ్చిన ఇరవైకి పైగా స్పందనలను పద్యనాటకాల విభాగంలో ప్రత్యేక చర్చగా మార్చాము. ఇక్కడ బ్రాడ్‌వే పాటలకే పరిమితం కావాలని కోరిక.

#13 పాతరికార్డు

నాటకం పాటను పోగొట్టుకోవడం గురించే మాట్లాడుతున్నాం. పాట తిరిగి వచ్చి నాటకాన్ని లేపిన ముచ్చట ఒకటి చెబుతాను.

రాడ్జర్స్, హార్ట్‌లదే ‘పాల్ జోయి’ 1940 డిసెంబరు 25న మొదలైంది. పండుగ రోజున మొదలైన ఆ నాటకంలో నాయకుడు పచ్చి స్వార్థపరుడు, ఒక సంపన్నురాలైన వివాహిత డబ్బుతో సొంత నైట్‌క్లబ్ పెట్టించుకునే నర్తకుడు. ఆ స్త్రీ పాత్రలో వివియెన్ సీగల్ పాడిన ‘బివిచ్డ్’ అనే పాటలో, తాను ఎవరి మోహంలో పడిందో పూర్తిగా ఎరిగిన నడివయసు ఆడదాని గడుసుతనం ఉంటుంది. బయట పాడేందుకు అందులోని ఘాటైన చరణాలను తరువాత మెత్తబరిచారు.

ఆ నాటకం మొదలైన వారానికే, 1941 జనవరి 1 నుంచి, స్వరకర్తలు, రచయితలు, ప్రచురణకర్తల సంఘమైన ఆస్కాప్‌కూ రేడియో సంస్థలకూ రుసుము పెంపు మీద తగవు ముదిరి, పెద్ద రేడియో వ్యవస్థలు ఆ సంఘం వారి పాటలన్నిటినీ ప్రసారం చేయడం మానేశాయి. దాదాపు పది నెలలు అమెరికా రేడియో హక్కుల గడువు తీరిన పందొమ్మిదో శతాబ్దపు స్టీఫెన్ ఫాస్టర్ పాటలతో నెట్టుకొచ్చింది. ‘పాల్ జోయి’ 374 ప్రదర్శనలు ఆడినా, దాని పాటలు పుట్టిన ఏడాది జనం చెవిన పడనేలేదు. పదేళ్ల తరువాత, 1950లో, బిల్ స్నైడర్ అనే పియానో కళాకారుడి రికార్డుతో ‘బివిచ్డ్’ ఉన్నట్టుండి దేశమంతా మోగింది. వెంటనే కొలంబియా సంస్థ వివియెన్ సీగల్‌తోనే నాటకం పాటలన్నీ రికార్డు చేయించింది. దాని ఊపుతో 1952లో నాటకాన్ని మళ్లీ ఎక్కిస్తే 540 ప్రదర్శనలు ఆడి, మొదటిసారి కంటే ఎక్కువ గెలిచింది. ఆ విజయం చూడడానికి హార్ట్ లేడు. 1943లోనే, నలభై ఎనిమిదేళ్లకు, పోయాడు.

#14 నిడదవోలు కుర్రాడు

ఈసారి ముందే అడుగుతున్నాను. ‘మాక్ ద నైఫ్’ కూడా నాటకంలోదేనా? ఆ హుషారుకు నాటకం ఏముంటుందా అని అనుమానం.

#15 రంగస్థలి

నాటకంలోదే, అదీ బ్రాడ్‌వేది కాదు, బెర్లిన్‌ది. 1928 ఆగస్టు 31న షిఫ్‌బవర్‌డామ్ థియేటర్‌లో మొదలైన బెర్టోల్ట్ బ్రెష్ట్, కర్ట్ వైల్‌ల ‘త్రీపెన్నీ ఒపెరా’కు అది నాందీ గీతం. ప్రధాన పాత్రధారి హరాల్డ్ పాల్సెన్ తన ప్రవేశానికి గొప్పగా ఒక పాట కావాలని పేచీ పెడితే, చివరి నిమిషంలో రాశారు. అయితే అతడి చేత పాడించకుండా, అతడి గురించి వీధిగాయకుడి చేత పాడించారు! ఐరోపా సంతల్లో చేతితో తిప్పే వాద్యంతో హత్యల కథలు పాడి చిల్లర అడుక్కునే గాయకులుండేవారు. పాట ఆ వరసలో ఉంటుంది. అందులోని మాక్ హంతకుడు, మానభంగం చేసినవాడు, ఇల్లు తగలబెట్టి పిల్లలను చంపినవాడు. మీ హుషారు సంగతి ఇదీ.

1933లో న్యూయార్క్‌లో ఇంగ్లీషులో వేస్తే పన్నెండు ప్రదర్శనలకే మూతపడింది. మార్క్ బ్లిట్జ్‌స్టీన్ కొత్త అనువాదంతో 1954లో థియేటర్ ద లీస్ అనే చిన్న నాటకశాలలో మళ్లీ వేశారు. 1955లో తిరిగి మొదలై 1961 దాకా ఆడింది. వైల్ భార్య లోటె లెన్యా తాను బెర్లిన్‌లో వేసిన జెన్నీ పాత్రనే అక్కడా వేసింది. 1955లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ పాటను రికార్డు చేస్తుంటే ఆమె స్టూడియోలోనే ఉంది. పాటలో కథలోని ఆడవాళ్ల పేర్ల వరుస వచ్చేచోట, ఆర్మ్‌స్ట్రాంగ్ సరదాగా ఆమె పేరు కూడా కలిపేశాడు. 1959లో బాబీ డారిన్ తన రికార్డులో దాన్ని అలాగే ఉంచాడు. అది తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది. కాబట్టి ఆ పాటను వాళ్ల వరసలో పాడేవారంతా నాటకం పేరు తెలియకుండానే ఆ నాటకంలోని నటి పేరు ఉచ్చరిస్తున్నారు.

#16 ఎడిసన్‌వాసి

మా అమ్మాయి బడిలో ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ వేసినప్పుడు మాకూ ఒక చిన్న ఆశ్చర్యం కలిగింది. ‘మై ఫేవరిట్ థింగ్స్’ ఉరుముల రాత్రి పిల్లలకు ధైర్యం చెప్పే పాటగా సినిమాలో చూశాం. 1959 నాటి రంగస్థల రూపంలో దాన్ని మఠంలో మరియా, మఠాధిపతి అయిన పెద్ద సన్యాసిని కలిసి పాడుకుంటారు. ఉరుముల రాత్రికి మేకల కాపరి పాట ఉంటుంది. సినిమా వచ్చింది 1965లో. జాజ్ శాక్సోఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ 1960 అక్టోబరులో ఆ పాటను పదమూడు నిమిషాలకు పైగా వాయించి రికార్డు చేసేటప్పటికి సినిమానే లేదు. పియానోమెట్లు గారికి తెలిసే ఉంటుంది.

#17 పియానోమెట్లు

తెలుసు. ఒప్పుకోవలసింది మరొకటి కూడా ఉంది.

నిన్న శనివారం హోటల్లో ‘యాజ్ టైమ్ గోస్ బై’ని పాతరికార్డు గారు చెప్పిన సాకీతో మొదలుపెట్టాను. పాడే అమ్మాయి ఐన్‌స్టీన్ పేరు వచ్చేచోట కాగితం చూసి పాడింది. ఎవరూ తలెత్తలేదు, ఒకాయన పక్కవారితో ఇదేదో కొత్త పాటలా ఉందన్నాడు కూడా. తీరా పల్లవి అందుకునేసరికి నా చెయ్యి నేను రోజూ వాయించేంత నెమ్మదిగా పోలేదు. సాకీలోని ఆ విసుగు, ఆ చమత్కారం వెంట ఉండగా మరీ సాగదీస్తే అతకలేదు, లయ దానంతటదే కాస్త పెరిగింది. చేతికి కొత్తగా ఏమీ రాదని నేను రాసిన వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ‘సెప్టెంబర్ సాంగ్’ మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు. అది ఆ ముసలాయనకు దక్కవలసిన పాట కాదు.

#18 కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. నేను ఈ వారం ఎల్లా ఫిట్జెరాల్డ్ 1956లో రాడ్జర్స్, హార్ట్ పాటలతో చేసిన సంపుటాన్ని వింటున్నాను. ఆమె ‘మై ఫన్నీ వాలెంటైన్’ను సాకీతో సహా పాడింది. అమ్మాయి గొంతులో, గ్రాంథికపు వెటకారంతో మొదలై, అక్కడి నుంచి పల్లవిలోకి దిగుతుంటే, ఎదురుగా తల గోక్కుంటూ నిలబడిన ఆ వ్యాల్ అనే కుర్రవాడు నాకు మొదటిసారి కనిపించాడు.

పాతరికార్డు గారికి ఒక విన్నపం. గెర్ష్విన్ ‘ద మ్యాన్ ఐ లవ్’ను 1924లో ఒక నాటకానికి రాసి తీసేశారనీ, 1927లో మరో నాటకంలో పెడితే అది న్యూయార్క్ చేరకుండానే ఆగిపోయిందనీ, చివరికి ఏ బ్రాడ్‌వే నాటకంలోనూ చోటు దొరకకుండానే ఆ పాట ప్రసిద్ధమైందనీ చదివాను. నాటకమే దొరకని పాటను ఏ వరుసలో చేర్చాలి?

#19 పాతరికార్డు

దానికి వేరే చర్చ తెరవండి. నేను ఈలోగా అటక మీద నుంచి 1928 రికార్డులు దించుతాను.